ఒకే కొలత, పలు గమ్యాలు: వాతావరణ కేంద్రాల సాఫ్ట్‌వేర్‌లో నివేదిక ప్లగిన్ల అమరిక

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున 4.30, 5.30 గంటల మధ్య తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో తీరాన్ని దాటింది. ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. విద్యుత్తు, టెలిఫోను సౌకర్యాలు అనేక గ్రామాల్లో రోజుల తరబడి నిలిచిపోయాయి. అంతకు ముందు 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ సమీపంలోనూ, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్దనూ తీరాన్ని దాటాయి. ఈ మూడూ అక్టోబరు రెండవ వారంలోనే రావడం గమనార్హం. ఆ సమయానికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఖరీఫ్ వరి చాలావరకు పొట్ట దశకు, పాలుపోసుకొనే దశకు మధ్య ఉంటుంది. వర్షపాతం, గాలి వేగం, గాలిలో తేమ వంటి కొలతలకు ఏడాది మొత్తంలో అత్యధిక విలువ ఉండే గంటలు అవే. ఆ కొలతలు కేంద్రం దాటి బయటకు చేరే దారి తెగిపోయే గంటలు కూడా అవే.

స్వయంచాలిత వాతావరణ కేంద్రాన్ని నెలకొల్పేటప్పుడు సెన్సర్ల ఎంపిక, స్తంభం ఎత్తు, కంచె మొదలైన అంశాలపై మనం చూపే శ్రద్ధ, కొలతలను ఎక్కడికి, ఏ రూపంలో, ఎంత తరచుగా పంపాలన్న అంశంపై చూపడం అరుదు. ఆ పనిని పరికరాన్ని అమర్చే సాంకేతిక నిపుణునికి వదిలివేయడం పరిపాటి. నిజానికి అది వ్యవసాయ శాస్త్రజ్ఞుడు తీసుకోవలసిన నిర్ణయం. ఏ కొలతను సగటుగా, దేనిని మొత్తంగా పంపాలో, రోజు ఎన్ని గంటలకు మొదలవుతుందో, సెన్సరు మూగబోయినప్పుడు ఏమి నమోదు కావాలో తెలిసినవాడు పంటను ఎరిగినవాడే. ఈ నిర్ణయాలన్నీ సాఫ్ట్‌వేర్‌లోని కాన్ఫిగరేషన్ ఫైలులో కొన్ని పంక్తుల రూపంలో ఉంటాయి. ఆ పంక్తులను విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు స్వయంగా చదివి, సరిచూసుకోగలిగేలా చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నిర్మాణంలోని మూడు అంచెలు

కొలతలను నమోదు చేసే ఏ మంచి ప్రోగ్రామునైనా మూడు అంచెలుగా విడదీసి చూడవచ్చు. మొదటి అంచె సెన్సరు నుంచి విలువను చదువుతుంది. రెండవ అంచె ఆ విలువను పరీక్షించి, నిర్ణీత కాలవ్యవధికి సంక్షేపించి, భద్రపరుస్తుంది. మూడవ అంచె భద్రపరచిన విలువను బయటి గమ్యాలకు నివేదిస్తుంది. మూడవ అంచెలోని ప్రతి గమ్యానికి ఒక విడి మాడ్యూలు ఉండి, మిగిలిన ప్రోగ్రామును కదిలించకుండా దానిని చేర్చడానికి, తీసివేయడానికి వీలుంటే దానిని ప్లగిన్ అంటారు. గమ్యస్థానంలోని వ్యవస్థను బ్యాకెండ్ అంటారు.

వంశధారపై గొట్టా బ్యారేజీని ఇందుకు పోలికగా తీసుకోవచ్చు. బ్యారేజీ వద్ద నీరు ఒక్కటే. కుడి, ఎడమ ప్రధాన కాలువలకు వేర్వేరు తలుపులు ఉన్నాయి. మరమ్మతు కోసం ఒక కాలువ తలుపు దించినంత మాత్రాన రెండవ కాలువకు నీరు ఆగదు. అయితే నీరు పంచుకొంటే తరుగుతుంది, కొలత తరగదు. అందువల్ల ఒకే కొలతను ఎన్ని గమ్యాలకైనా పూర్తిగా ఇవ్వవచ్చు.

ఈ పద్ధతి కంప్యూటర్ సర్వర్ల నిర్వహణలో వాడుకలో ఉంది. ఎట్సీ సంస్థ 2011లో ప్రకటించిన స్టాట్స్‌డీ అనే చిన్న ప్రోగ్రాము, అందిన లెక్కలను నిర్ణీత వ్యవధికి ఒకసారి కూడి, కాన్ఫిగరేషన్ ఫైలులో పేర్కొన్న బ్యాకెండ్లన్నింటికీ అందజేస్తుంది. గ్రాఫైట్ అనే కాలక్రమ డేటాబేసు అందులో ఒక బ్యాకెండు, తెరపై చూపే కన్సోల్ మరొకటి. ఇన్‌ఫ్లక్స్‌డేటా సంస్థ రూపొందించిన టెలిగ్రాఫ్‌లో ఇన్‌పుట్, అవుట్‌పుట్ ప్లగిన్లు వేర్వేరుగా ఉంటాయి. వాతావరణ కేంద్రాలకే ప్రత్యేకించిన వీవెక్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఇదే సూత్రాన్ని అనుసరిస్తుంది. దీనిని టామ్ కెఫర్ పైథాన్ భాషలో రచించారు. చవకైన చిన్న కంప్యూటరుపై కూడా నడుస్తుంది, మూలకోడ్ అందరికీ అందుబాటులో ఉంది, లైసెన్సు రుసుము లేదు. కళాశాలలకు, కృషి విజ్ఞాన కేంద్రాలకు అనువైనది కనుక ఈ వ్యాసంలో ప్రధానంగా దీనినే ఉదాహరణగా తీసుకొందాము.

వీవెక్స్‌లో గమ్యాల అమరిక

వీవెక్స్ నడవడికంతా ఒకే కాన్ఫిగరేషన్ ఫైలులో ఉంటుంది. సాధారణ టెక్స్ట్ ఎడిటరుతో దానిని తెరవవచ్చు. చదరపు బ్రాకెట్లలోని శీర్షికల కింద విభాగాలు, జంట బ్రాకెట్ల కింద ఉపవిభాగాలు, వాటి కింద "పేరు = విలువ" రూపంలో పంక్తులు ఉంటాయి. అందులో మనకు ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది "స్టేషన్" విభాగం. కేంద్రం అక్షాంశం, రేఖాంశం, సముద్ర మట్టం నుంచి ఎత్తు, పరికరం రకం ఇక్కడ ఇవ్వాలి. ఎత్తు తప్పుగా ఇస్తే సముద్ర మట్టానికి సవరించిన వాయుపీడనం తప్పుతుంది. పార్వతీపురం వైపు కొండ ప్రాంతానికీ, కళింగపట్నం తీరానికీ ఒకే ఫైలును నకలు చేసి వాడితే వచ్చే చిక్కు ఇదే.

రెండవది "ఇంజిన్" విభాగం. ఏయే సేవలు ఏ వరుసలో నడవాలో ఇక్కడ జాబితాగా ఉంటుంది. ముందు డేటా సేకరణ, తరువాత యూనిట్ల మార్పిడి, విలువల సవరణ, నాణ్యత పరీక్ష, భద్రపరచడం, ఆ తరువాతే బయటి గమ్యాలకు పంపడం, చివరగా నివేదికల తయారీ. ఈ క్రమానికి అర్థం ఉంది. నాణ్యత పరీక్షకు ముందే బయటకు పంపితే తప్పుడు విలువ ఊరంతా తిరిగి వస్తుంది. కొత్త ప్లగిన్‌ను చేర్చడమంటే దాని పేరును ఈ జాబితాలో తగిన వరుసలో రాయడమే.

మూడవది బయటి సర్వర్లకు పంపే "స్టాండర్డ్ రెస్ట్‌ఫుల్" విభాగం. బ్రిటన్ వాతావరణ సంస్థ ప్రారంభించిన వావ్, పౌర పరిశీలకుల వేదిక సీడబ్ల్యూఓపీ వంటి గమ్యాలకు ఇందులో సిద్ధంగా ఉపవిభాగాలు ఉన్నాయి. ఒక్కొక్కదానికి "ఎనేబుల్" అనే మీట ఉంటుంది. "ట్రూ" అని రాస్తే తెరుచుకొంటుంది, "ఫాల్స్" అని రాస్తే మూసుకొంటుంది. ప్రతి గమ్యానికి వేరే వరుస, వేరే కార్యప్రవాహం ఉన్నందున ఒక సర్వరు స్పందించకపోయినా మిగిలినవి ఆగిపోవు. విశ్వవిద్యాలయం సొంత సర్వరుకు పంపదలిస్తే ఎం.క్యూ.టి.టి. ప్లగిన్‌ను అదనంగా చేర్చుకోవచ్చు.

నాలుగవది "స్టాండర్డ్ రిపోర్ట్" విభాగం. వెబ్‌పేజీలు, పటాలు, నెలవారీ సారాంశ పట్టికలు దీని పరిధిలోనివి. ఇవి మనుషులు చదవడానికి ఉద్దేశించినవి. పరిశోధన లెక్కలకు వీటిలోని అంకెలను తిరిగి ఎత్తిరాయడం సరికాదు. అందుకు డేటాబేసు ఉంది.

యూనిట్లు: సెంటీమీటరు తెచ్చే చిక్కు

పైకి చిన్నదిగా కనిపించి, ఫలితంలో పెద్దదయ్యే అంశం యూనిట్లు. వీవెక్స్ డేటాబేసులో మూడు యూనిట్ల పద్ధతులు ఉన్నాయి. ముందుగా ఉండే అమరిక అమెరికా పద్ధతి. అందులో వర్షం అంగుళాల్లో, ఉష్ణోగ్రత ఫారెన్‌హీట్‌లో, గాలి వేగం గంటకు మైళ్లలో ఉంటాయి. "మెట్రిక్" అనే రెండవ పద్ధతిలో వర్షం సెంటీమీటర్లలో, గాలి గంటకు కిలోమీటర్లలో ఉంటాయి. "మెట్రిక్ డబ్ల్యూఎక్స్" అనే మూడవ పద్ధతిలో వర్షం మిల్లీమీటర్లలో, గాలి సెకనుకు మీటర్లలో ఉంటాయి.

మెట్రిక్ అనే మాట చూసి రెండవ పద్ధతిని ఎంచుకొని, గమ్యస్థానంలోని సర్వరు మిల్లీమీటర్లను ఆశిస్తే ఏమవుతుందో చూద్దాం. భారత వాతావరణ విభాగం వర్గీకరణ ప్రకారం 24 గంటల్లో 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్ల వరకు తేలికపాటి వర్షం, 64.5 నుంచి 115.5 వరకు భారీ వర్షం, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ వర్షం. ఒక కేంద్రంలో 120 మిల్లీమీటర్లు కురిసిందనుకొందాం. డేటాబేసులో అది 12 అని ఉంటుంది. యూనిట్ చెప్పకుండా ఆ అంకెను పంపితే గమ్యంలో 12 మిల్లీమీటర్లుగా, అంటే తేలికపాటి వర్షంగా నమోదవుతుంది. మడిలో నిలిచిన నీటిని తీసివేయమని హెచ్చరించవలసిన రోజున, హెచ్చరిక అవసరం లేదని తెర చూపుతుంది. వాతావరణ ప్రకటనల్లో వర్షపాతాన్ని సెంటీమీటర్లలో చెప్పే అలవాటు కూడా ఉన్నందున, 12 అనే అంకెను చూసి ఎవరికీ అనుమానం రాకపోవచ్చు.

దీనికి మందు రెండు పనులు. మొదటిది, కేంద్రం ప్రారంభించిన రోజునే మూడవ పద్ధతిని ఎంచుకోవడం. డేటాబేసులో రికార్డులు చేరిన తరువాత యూనిట్ల పద్ధతిని ఫైలులో ఊరక మార్చరాదు. మార్చవలసి వస్తే పాత డేటాబేసును కొత్త పద్ధతికి మార్పిడి చేసి గాని కొనసాగించరాదు. రెండవది, ప్రతి బ్యాకెండుకు పంపే పేరులోనే యూనిట్‌ను చేర్చడం. "వర్షం" అని కాక "వర్షం మి.మీ." అని, "గాలి" అని కాక "గాలి మీ./సె." అని పేరు పెడితే పదేళ్ల తరువాత ఆ డేటాను తెరిచే విద్యార్థికి సందేహం ఉండదు.

రోజు ఎప్పుడు మొదలవుతుంది?

కంప్యూటరుకు రోజు అర్ధరాత్రి మొదలవుతుంది. మన దేశంలో వర్షపాతపు రోజు ఉదయం 8.30 గంటలకు మొదలవుతుంది. ఇది అంతర్జాతీయ సమయం ప్రకారం 3.00 గంటలు. వర్షమాపకాన్ని ఉదయం 8.30కి చదివి, గత 24 గంటల వర్షాన్ని ఆ తేదీన రాస్తారు. కనుక అక్టోబరు 11వ తేదీ వర్షపాతమంటే 10వ తేదీ ఉదయం 8.30 నుంచి 11వ తేదీ ఉదయం 8.30 వరకు కురిసినది. తిత్లీ తీరం దాటిన వేళ ఈ పరిధిలోకే వస్తుంది. అదే తుపానును అర్ధరాత్రి లెక్కతో కొలిస్తే 10వ తేదీ పగలు, సాయంత్రం కురిసిన వాన ఒక రోజుకు, 11వ తేదీ తెల్లవారుజాము మొదలు రాత్రి వరకు కురిసినది మరొక రోజుకు విడిపోతుంది. ఒకే కేంద్రం, ఒకే వాన, రెండు రకాల దినసరి అంకెలు.

అందువల్ల బ్యాకెండుకు "నేటి వర్షం" అనే మొత్తాన్ని పంపడం కంటే ప్రతి 5 నిమిషాలకు కురిసిన వర్షాన్ని దాని కాలముద్రతో పంపడం మేలు. కాలముద్ర అంతర్జాతీయ సమయంలో ఉండాలి. ఎవరి అవసరాన్ని బట్టి వారు రోజును ఎక్కడైనా కత్తిరించుకొంటారు. పాత మాన్యువల్ రికార్డుతో పోల్చదలచిన పరిశోధకుడు 8.30 నుంచి కూడుతాడు. సముద్ర ఆటుపోట్లతో పోల్చదలచినవాడు మరొక విధంగా కూడుతాడు. కూడిన దానిని తిరిగి విడదీయడం ఎవరికీ సాధ్యం కాదు.

సగటు, మొత్తం, గరిష్ఠం

నివేదిక వ్యవధిలోని అనేక రీడింగులను ఒక్క విలువగా మార్చేటప్పుడు అన్ని కొలతలకు ఒకే సూత్రం పనికిరాదు. ఉష్ణోగ్రతకు, గాలిలో తేమకు సగటు సరిపోతుంది. వర్షానికి మొత్తం కావాలి. గాలి ఉధృతికి గరిష్ఠం కావాలి. గాలి దిశకు మామూలు సగటు పూర్తిగా తప్పు. ఒక రీడింగు 350 డిగ్రీలు, తరువాతిది 10 డిగ్రీలు అయితే రెండూ ఇంచుమించు ఉత్తరపు గాలులే. వాటి సగటు 180, అంటే దక్షిణపు గాలి! దిశను వేగంతో కలిపి సదిశగా సగటు తీయాలి. వీవెక్స్ ఈ పని తానే చేస్తుంది. సాధారణ సర్వర్ లెక్కలకు రూపొందిన ప్రోగ్రాములు చేయవు.

సగటు తీసే వ్యవధిని ఎన్నుకోవడంలో పంట అవసరం ముందుండాలి. విజయనగరం పరిశోధన స్థానం రాగి రకాలకు ప్రసిద్ధి. రాగిలోనూ, వరిలోనూ అగ్గితెగులు వ్యాప్తికి రాత్రి వేళ ఆకు ఎన్ని గంటలు తడిగా ఉన్నదన్నది కీలకం. దినసరి సగటు తేమ 82 శాతం అని నివేదిస్తే, రాత్రి పది గంటలపాటు 95 శాతం ఉన్న సంగతి అందులో మునిగిపోతుంది. తెగుళ్ల ముందస్తు సూచనకు పంపే బ్యాకెండుకు కనీసం గంటకు ఒక విలువ ఉండాలి. నెలవారీ వాతావరణ సారాంశాన్ని అచ్చువేసే బ్యాకెండుకు దినసరి విలువ చాలు. రెండు గమ్యాలకు రెండు వ్యవధులు ఇవ్వగలగడమే ప్లగిన్ పద్ధతి ప్రయోజనం. వీవెక్స్‌లో ప్రతి గమ్యానికి "పోస్ట్ ఇంటర్వల్" అనే పంక్తిలో సెకన్ల లెక్కన ఈ వ్యవధిని ఇవ్వవచ్చు. అయితే ఒక హెచ్చరిక. వ్యవధి పెంచినంత మాత్రాన ప్రోగ్రాము మధ్యలోని రికార్డులను కూడి పంపుతుందని అనుకోరాదు. మధ్యవి వదిలివేయబడతాయి. 5 నిమిషాల వర్షాన్ని గంటకొకసారి మాత్రమే పంపితే 12 భాగాల్లో 11 గమ్యానికి చేరవు.

లేకపోవడం వేరు, సున్న వేరు

సెన్సరు చెడిపోయినప్పుడు, తీగ తెగినప్పుడు, విలువ నాణ్యత పరీక్షలో విఫలమైనప్పుడు ఆ స్థానం ఖాళీగా ఉండాలి. వీవెక్స్‌లోని నాణ్యత విభాగం కనిష్ఠ, గరిష్ఠ హద్దులు దాటిన విలువను సున్నగా మార్చదు, ఖాళీగా ఉంచుతుంది. ముందుగా ఇచ్చిన హద్దులు ప్రపంచమంతటికీ సరిపడేటంత విశాలమైనవి. తీర ఆంధ్రకు తగినట్లు వాటిని కుదించుకోవాలి. అయితే గాలి వేగం గరిష్ఠ హద్దును కుదించేటప్పుడు హుద్‌హుద్‌ను గుర్తుంచుకోవాలి. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో తీరాన్ని తాకిన తుపాను అది. హద్దును 100 వద్ద ఉంచితే నిజమైన తుపాను గాలినే ప్రోగ్రాము తప్పుడు విలువగా తోసిపుచ్చుతుంది.

ఖాళీని బ్యాకెండు ఎలా అర్థం చేసుకొంటుందన్నది మరొక ప్రశ్న. స్టాట్స్‌డీ సాధారణ అమరికలో, ఒక వ్యవధిలో కొత్త విలువ రాకపోతే లెక్కింపు రకం కొలతకు సున్నను, స్థాయి రకం కొలతకు చివరిగా అందిన విలువను మళ్లీ పంపుతుంది. వెబ్ సర్వరుకు ఇది తగినదే. వాతావరణ కేంద్రానికి మాత్రం ప్రమాదం. వర్షమాపకం మూగబోతే వాన లేనట్లు, ఉష్ణమాపకం మూగబోతే ఉష్ణోగ్రత నిలకడగా ఉన్నట్లు పటంలో గీత సాగుతూనే ఉంటుంది. ఈ నడవడిని మార్చే పంక్తులు దాని కాన్ఫిగరేషన్‌లో ఉన్నాయి. వాటిని తప్పక మార్చుకోవాలి.

గమ్యంలో రోజు మొత్తాన్ని కూడేటప్పుడు ఖాళీలు సున్నలుగానే లెక్కలోకి వస్తాయి. దీనికి సులభమైన రక్షణ ఒకటి ఉంది. 5 నిమిషాల వ్యవధిలో రోజుకు 288 రికార్డులు రావాలి. దినసరి వర్షపాతంతో పాటు అందిన రికార్డుల సంఖ్యను పక్కనే చూపాలి. "64 మి.మీ., 288కి 288" అన్న అంకెకు, "64 మి.మీ., 288కి 190" అన్న అంకెకు తేడా ఏ విస్తరణాధికారికైనా వెంటనే అర్థమవుతుంది. రెండవది కనీస అంచనా మాత్రమే. అసలు వర్షం అంతకు మించి ఉండవచ్చు. సూచిక వాతావరణ కేంద్రపు వర్షపాతాన్ని బట్టి పరిహారం లెక్కగట్టే వాతావరణ ఆధారిత పంటల బీమా వంటి పథకాల్లో, ఈ తేడా రైతు చేతికి వచ్చే సొమ్మునే ప్రభావితం చేయగలదు.

లింకు తెగినప్పుడు

తుపాను వేళ ప్రశ్న ఇది: బయటకు దారి లేని గంటల్లో కొలతలు ఎక్కడ నిలుస్తాయి? వరుసగా మూడు చోట్ల నిలుపుకొనే వీలుంది.

మొదటిది పరికరంలోని లాగరు. విస్తృతంగా వాడుకలో ఉన్న డేవిస్ సంస్థ లాగరు 2,560 రికార్డులను దాచుకొంటుంది. 5 నిమిషాల వ్యవధిలో ఇది దాదాపు 9 రోజులకు సరిపోతుంది. వ్యవధిని ఒక నిమిషానికి తగ్గిస్తే 43 గంటలకు మించి రాదు. తిత్లీ తరువాత విద్యుత్తు ఎన్ని రోజులకు వచ్చిందో గుర్తున్నవారు ఒక నిమిషం వ్యవధిని ఎంచుకోరు. కంప్యూటరు ఆగిపోయినా లాగరు బ్యాటరీపై పనిచేస్తూనే ఉంటుంది. విద్యుత్తు తిరిగి వచ్చాక వీవెక్స్ దాని నుంచి పాత రికార్డులను తెచ్చుకొని ఖాళీని పూరిస్తుంది.

రెండవది కేంద్రంలోని కంప్యూటరు డేటాబేసు. ఇది డిస్కుపై ఉంటుంది కనుక కంప్యూటరు ఆగి, మళ్లీ మొదలైనా చెరగదు. బయటి బ్యాకెండ్లు ఎన్ని ఉన్నా, స్థానిక డేటాబేసును ఎప్పుడూ మూయరాదు.

మూడవది పంపే ప్లగిన్‌లోని వరుస. ఇది సాధారణంగా మెమరీలో మాత్రమే ఉంటుంది. టెలిగ్రాఫ్‌లో ముందుగా ఇచ్చిన పరిమితి 10,000 కొలతలు. 8 సెన్సర్ల విలువలను నిమిషానికొకసారి విడివిడి కొలతలుగా పంపే కేంద్రంలో 1,250 నిమిషాలకు, అంటే 21 గంటలు తిరగకముందే ఆ వరుస నిండిపోతుంది. నిండిన తరువాత పాతవి రాలిపోతాయి. పాతవంటే తుపాను తొలి గంటలవి. 8 విలువలను ఒకే కొలతలోని 8 అంశాలుగా కూర్చితే అదే పరిమితి దాదాపు 7 రోజులకు వస్తుంది. ఇందుకు ఖర్చు లేదు, అమరికలో మార్పు చాలు. వీవెక్స్ పద్ధతి వేరు. ఒక రికార్డును సాధారణంగా మూడుసార్లు పంపి చూసి, విఫలమైతే దానిని వదిలి తరువాతిదానికి సాగుతుంది. వదిలినవి స్థానిక డేటాబేసులో ఉంటాయి కాని, వాటంతట అవి గమ్యానికి చేరవు. లింకు వచ్చాక ఖాళీలను పూరించే పనిని మనమే ఏర్పాటు చేసుకోవాలి.

ఆలస్యంగా పంపే రికార్డుల విషయంలో మరో రెండు అంశాలున్నాయి. "స్టేల్" అనే పంక్తి, ఎన్ని సెకన్లకు మించి పాతబడిన రికార్డును పంపరాదో నిర్ణయిస్తుంది. ప్రస్తుత వాతావరణాన్ని చూపే ప్రజా వేదికలకు ఇది ఉండాలి. నిన్నటి గాలిని నేటి గాలిగా చూపరాదు కదా! పరిశోధన సర్వరుకు మాత్రం ఇది ఉండరాదు. అక్కడికి ఎంత పాతదైనా చేరాలి. ఇక రెండవది పునరుక్తి. గమ్యానికి రికార్డు చేరి, చేరినట్లు తిరుగు కబురు రాకపోతే ప్లగిన్ దానినే మళ్లీ పంపుతుంది. ఎం.క్యూ.టి.టి.లో ఒకటవ స్థాయి హామీ అంటే "కనీసం ఒకసారి" అనే అర్థం, రెండుసార్లు రావచ్చు. గమ్యంలోని డేటాబేసు కేంద్రం పేరును, కాలముద్రను కలిపి తాళంచెవిగా వాడితే రెండవ రాక మొదటిదానిపైనే కూర్చొంటుంది. అలా కాక వచ్చినదల్లా కూడుకొంటూ పోతే వర్షం రెట్టింపు అవుతుంది.

పంపడమా, వచ్చి తీసుకోవడమా

బ్యాకెండ్లలో రెండు జాతులున్నాయి. కేంద్రమే సర్వరుకు పంపేవి మొదటి రకం. ప్రొమీథియస్ వంటివి రెండవ రకం. అవి నిర్ణీత వ్యవధికి తామే వచ్చి కొలతను తీసుకొంటాయి. కార్యాలయ భవనంలోని సర్వర్లకు రెండవ రకం బాగుంటుంది. మన పొలాల్లోని కేంద్రాలు సాధారణంగా సిమ్ కార్డు రూటరుపై నడుస్తాయి. వాటికి బయటి నుంచి చేరగల స్థిర చిరునామా ఉండదు. పైగా, తీసుకొనేవాడు వచ్చిన వేళకు లింకు లేకపోతే ఆ కొలత అతనికి ఎప్పటికీ అందదు. కనుక పొలంలోని కేంద్రానికి పంపే రకమే తగినది. పంపేటప్పుడు కూడా, చేరినదో లేదో తెలియని యు.డి.పి. మార్గాన్ని వర్షపాతానికి వాడరాదు. స్టాట్స్‌డీ ముందుగా వాడేది ఈ మార్గాన్నే.

కాన్ఫిగరేషన్ ఫైలులో సర్వర్ల పాస్‌వర్డులు మామూలు అక్షరాల్లో ఉంటాయి. ఆ ఫైలును విద్యార్థులకు ఉదాహరణగా పంచేటప్పుడు వాటిని తప్పక తొలగించాలి. ప్రతి కేంద్రానికి వేరే పాస్‌వర్డు ఇవ్వడం మంచిది.

విద్యార్థులకు ప్రయోగశాల పని

వీవెక్స్‌లో నిజమైన పరికరం లేకుండానే విలువలను కల్పించే సిమ్యులేటరు ఉంది. నైర వ్యవసాయ కళాశాల వంటి చోట వ్యవసాయ వాతావరణ శాస్త్రం చదివే విద్యార్థులు ఒక పాత కంప్యూటరుపైనే ఈ అభ్యాసాన్ని చేయవచ్చు. రెండు గమ్యాలను అమర్చాలి. ఒకటి స్థానిక డేటాబేసు, రెండవది పక్క కంప్యూటరులోని సర్వరు. రెండు గంటలు నడిపిన తరువాత నెట్‌వర్కు తీగను అరగంట తీసివేయాలి. తిరిగి పెట్టిన తరువాత రెండు చోట్ల రికార్డులను లెక్కించి, ఎన్ని తగ్గాయో, ఎన్ని రెండుసార్లు వచ్చాయో, ఏ పంక్తి మార్పుతో ఆ తేడా పోతుందో రాయాలి. తరువాత కంప్యూటరునే ఆపి, మొదలుపెట్టి అదే లెక్క చూడాలి. తుపానుకు ముందు కేంద్రం సన్నద్ధతను పరీక్షించే పద్ధతి కూడా ఇదే. సెప్టెంబరు నెలలో ఒకసారి ఈ పరీక్ష చేసుకొన్న కేంద్రం అక్టోబరులో నిశ్చింతగా ఉండగలదు.

క్షేత్రస్థాయి సూచనలు

1. స్థానిక డేటాబేసును మూల రికార్డుగా పరిగణించాలి. బయటి బ్యాకెండ్లన్నీ దాని నకళ్లే.

2. రెండు బయటి గమ్యాలకు తక్కువ కాకుండా పంపాలి. అవి ఒకే ఊరిలో, ఒకే విద్యుత్ లైనుపై ఉండరాదు.

3. యూనిట్ల పద్ధతిని మొదటి రోజే నిర్ణయించి, కొలత పేరులోనే యూనిట్‌ను చేర్చాలి.

4. వర్షాన్ని 5 నిమిషాల భాగాలుగా, అంతర్జాతీయ సమయపు కాలముద్రతో పంపాలి. రోజు మొత్తాన్ని 8.30 నుంచి గమ్యంలోనే కూడాలి.

5. ఖాళీని ఖాళీగానే నివేదించాలి. దినసరి మొత్తం పక్కన అందిన రికార్డుల సంఖ్య ఉండాలి.

6. పరిశోధన సర్వరుకు కాలపరిమితి లేకుండా, ప్రజా వేదికకు కాలపరిమితితో పంపాలి.

7. కాన్ఫిగరేషన్ ఫైలులో చేసిన ప్రతి మార్పును తేదీతో, కారణంతో కేంద్రం రిజిస్టరులో రాయాలి. సెన్సరు మార్చిన తేదీ ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

ముగింపు

అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి ఉత్తర కోస్తా జిల్లాలకు ప్రతి మంగళ, శుక్రవారాల్లో వెలువడే వ్యవసాయ వాతావరణ సలహాలు గాని, తుపాను మరునాడు మొలకెత్తకుండా కాపాడుకొనేందుకు పనలపై 5 శాతం ఉప్పు ద్రావణం చల్లమని గ్రామంలో చెప్పే మాట గాని, సకాలంలో అందిన కొలతపైనే ఆధారపడతాయి. నాగావళి, వంశధార పరీవాహకంలో పైన ఒడిశాలో కురిసిన వాన కింది మడులకు చేరడానికి కొన్ని గంటల వ్యవధి ఉంటుంది. ఆ గంటలను వినియోగించుకోవాలంటే అంకె బయటకు రావాలి, వచ్చిన అంకె నమ్మదగినదై ఉండాలి. సెన్సరు ఎంత ఖరీదైనదైనా, దాని వెనుక ఉన్న పది పంక్తుల అమరిక సరిగా లేకపోతే ఆ రెండూ జరగవు. ఆ పది పంక్తులు చదవడం ఏ వ్యవసాయ పట్టభద్రునికీ కష్టమైన పని కాదు. వచ్చే ఈశాన్య రుతుపవనాలకు ముందే ప్రతి కేంద్రంలో వాటిని ఒకసారి తెరిచి చూడడం అవసరం.